చుక్క పెట్టిందెవరు? చెరపాల్సిందెవరు?

ప్రభుత్వం మన గుమ్మం ముందుకు వచ్చిందని ఒకప్పుడు అనేవారు. ఇప్పుడు ఏకంగా మన జేబులోకే వచ్చిందంటున్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. 2025 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ అనే పేరుతో వాట్సాప్ ద్వారానే 161 సేవలు మొదలుపెట్టింది. కరెంటు బిల్లు కట్టడం దగ్గర్నుంచి సర్టిఫికెట్లకు అర్జీ పెట్టుకోవడం దాకా ఫోనులోనే అయిపోతుంది. నా స్కాలర్‌షిప్పుకు కావలసిన ఆదాయ ధ్రువపత్రం కూడా మీసేవలో అర్జీ పెట్టుకుంటే వచ్చిందే. అదే పత్రం కోసం మా పెదనాయన కొడుకు ఇరవై ఏళ్ళ కిందట మండలాఫీసు వరండాలో మూడు రోజులు కూర్చున్నాడట. కాబట్టి కంప్యూటరు వద్దు, పాత దస్తాలే ముద్దు అని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. అలా చెప్పేవాడు తను మోసపోవడమే కాక పదిమందినీ మోసం చేసినవాడవుతాడు.

నేను చెప్పదలచుకున్నది వేరు. పని త్వరగా జరగడం ఒకటి, పని సరిగా జరగడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటేననుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

ఫస్టియరు ఫిజిక్సు ప్రాక్టికల్సులో మొట్టమొదట మన చేతికి వచ్చే పరికరం వెర్నియరు కాలిపర్సు. దాంతో మిల్లీమీటరులో పదోవంతు దాకా కొలవవచ్చు. కానీ కొలిచేముందు రెండు దవడలూ దగ్గరకు చేర్చి, సున్నా మీద సున్నా పడుతోందో లేదో చూడమంటారు మాస్టారు. పడకపోతే దాన్ని శూన్యాంశ దోషమంటాం. ఆ దోషాన్ని సరిచేసుకోకుండా వందసార్లు కొలిచినా వందసార్లూ ఒకే తప్పు వస్తుంది. పైగా అన్నిసార్లూ ఒకే జవాబు వస్తుంది కాబట్టి అదే నిజమనిపిస్తుంది! రికార్డులో ఆ లెక్క ఎంత అందంగా రాసినా మాస్టారు సున్నా చుట్టేస్తారు. మన భూముల లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆ సున్నా సరిచూసినవాళ్ళు ఎంతమంది? నా ప్రశ్న ఇదే.

మొదట మంచిని మంచి అనే చెప్పుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికే దారి చూపిన రాష్ట్రాలలో ఒకటి. 1998లో ‘కార్డ్’ అనే పేరుతో రిజిస్ట్రేషన్ శాఖలోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు రోజుల తరబడి సాగే దస్తావేజుల పని గంటల్లోకి వచ్చింది. 1999లో హైదరాబాదులో ప్రయోగంగా మొదలైన ఒకేచోటి సేవాకేంద్రం 2001లో ఈసేవగా మారింది. కరెంటుకు ఒక క్యూ, నీటికి ఒక క్యూ, పన్నుకు ఒక క్యూ అనే బాధ పోయింది. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలై, తర్వాత రాష్ట్రమంతా పాకింది. అడంగల్ నకలు కోసం ఎవరి ఇంటిముందూ చేతులు కట్టుకొని నిలబడనక్కరలేదు. ఇది చిన్న మార్పు కాదు. చేతులు కట్టుకొని నిలబడినవాళ్ళ పిల్లలకు ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది.

ఇక మా ఇంటి సంగతి.

మాది అనంతపురం ప్రాంతంలో ఒక మెట్ట గ్రామం. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే వలస. మాకున్నది 4 ఎకరాల 30 సెంట్లు. మా తాతకు వాళ్ళ నాయన ఇచ్చింది, ఆయనకు ఆయన నాయన ఇచ్చింది. శిస్తు కట్టిన రశీదులు, పసుపు పచ్చబడిపోయినవి, మా జేజి ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. మా తాత పేరుతో పాసుపుస్తకమూ ఉంది. ఆ పుస్తకం చూసే బ్యాంకు ఏటా పంట రుణం ఇచ్చేది.

నేను టెన్తు చదివే రోజుల్లో మా బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేసి డ్రిప్పు పెట్టుకుందామని మా నాయన పెద్ద లోనుకు పోయినాడు. బ్యాంకు ఆయన ఈసారి పాసుపుస్తకం చూడలేదు, కంప్యూటరు చూశాడు. చూసి, “ఇది 22-ఎలో ఉందయ్యా, ఇవ్వడం కుదరదు” అన్నాడు. మా నాయనకు 22-ఎ అంటే ఏమిటో తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి తెలియదు.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అనే సెక్షను ఉంది. ప్రభుత్వ భూములు, దేవాలయ భూములు, పేదలకు పంచిన భూములు అక్రమంగా చేతులు మారకుండా ఉండటానికి నిషేధిత జాబితా ఒకటి తయారుచేసి, అందులోని సర్వే నంబర్లను రిజిస్టరు చేయకుండా ఆపుతారు. ఉద్దేశం మంచిదే. మరి ముత్తాతల నాటినుంచీ దున్నుకుంటున్న మా చేను అందులోకి ఎలా పోయింది?

తెల్లదొరల కాలంలో మన జిల్లాల్లో భూములు కొలిచి రీసెటిల్మెంటు రిజిస్టరు తయారుచేశారు. ఆర్.ఎస్.ఆర్ అని ఆఫీసుల్లో చెప్పేది దాన్నే. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అన్నీ అందులో ఉంటాయి. అయితే కొన్ని భూముల దగ్గర, హక్కుదారు ఎవరో అప్పుడు తేలక, పేరు ఉండవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తర్వాత తేలుద్దాంలే అనుకున్నారేమో! ఆ ‘తర్వాత’ వందేళ్ళయినా రాలేదు. వీటినే చుక్కల భూములు అంటారు. రాయలసీమ, నెల్లూరు వైపు ఈ మాట తెలియని రైతు ఉండడు.

చుక్క పుస్తకంలో ఉన్నంతకాలం దానివల్ల మాకు బాధ లేదు. ఆ చేను ఎవరిదో ఊరికి తెలుసు, కరణానికి తెలుసు, పక్కచేను వాడికి తెలుసు. కాగితం మీద ఖాళీ ఉన్నా మనుషుల జ్ఞాపకం ఆ ఖాళీని పూరించింది. కంప్యూటరుకు జ్ఞాపకం ఉంటుందిగానీ అది ఊరి జ్ఞాపకం కాదు. గడిలో పేరు లేదు గనక హక్కుదారు లేడు. హక్కుదారు లేడు గనక ప్రభుత్వ భూమి. ప్రభుత్వ భూమి గనక నిషేధిత జాబితా. మూడు మెట్లలో మా చేను మాది కాకుండా పోయింది. ఆ మూడు మెట్లలో ఎక్కడా ఒక మనిషి మా చేను గట్టు మీదికి వచ్చి “ఇది ఎవరిదబ్బా?” అని అడగలేదు.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. ఈ చిక్కు విప్పడానికి 2017లో చుక్కల భూముల కోసం శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. అయినా రైతులు అర్జీలు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగారు. 2023లో సుమారు 2 లక్షల ఎకరాల చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తప్పిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. వందేళ్ళ కిందట ఒక గుమాస్తా కలం పెట్టిన చుక్కను చెరపడానికి ఎంత పని పట్టిందో చూడండి.

మా నాయన ఈలోగా ఊరికే కూర్చోలేదు. కూర్చుంటే చేను ఎండుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట లక్షన్నర తెచ్చి బోరు వేసినాడు. నెలకు మూడు వేలు వడ్డీ. 2023లో మా చేనుకూ విముక్తి వచ్చిందని తెలిసి ఇంట్లో పాయసం వండుకున్నాం. బ్యాంకుకు పోతే అక్కడి తెర మీద ఇంకా 22-ఎ అనే ఉంది! ఒక ఆఫీసు కంప్యూటరులో తీసేశారు, ఇంకో ఆఫీసు కంప్యూటరులో తీయలేదు. “మా దగ్గర క్లియరయిందే” అని వీళ్ళు, “మాకు రాలేదే” అని వాళ్ళు. ఇంకో ఏడు నెలలు అలా గడిచింది. మొత్తం రెండున్నరేళ్ళు. వడ్డీయే 90 వేలు. మా అమ్మ నాయన తిరిగిన బస్సు టికెట్లన్నీ ఒక హార్లిక్సు సీసాలో వేసి పెట్టింది. ఎందుకమ్మా అంటే, “ఎవురన్నా అడిగితే చూపిద్దామని” అంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు” అని సామెత. ఇప్పుడు దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, సర్వరే ఇవ్వలేదు!

ఆ రోజుల్లో మా తాత ఒకమాట అన్నాడు. “కరణం ఉన్నప్పుడు తిట్టేదానికన్నా ఒక మనిషి ఉండెరా. ఇప్పుడు ఎవుర్ని తిట్టల్ల?”

మా తాత కరణాల పాలన రావాలని కోరుకునే మనిషి కాదు. కరణం కలంపోటుకు గురైనవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను, తెలంగాణలో పటేలు, పట్వారీలను రద్దు చేసినప్పుడు ఊళ్ళో టెంకాయలు కొట్టినవాళ్ళలో ఆయనా ఒకడు. ఊరి లెక్క ఒకే ఇంట్లో, ఒకే పెట్టెలో ఉండటం అన్యాయమని ఆయనకు తెలుసు. కానీ ఆయన మాటలో ఒక నిజం ఉంది. కరణం తప్పు రాస్తే ఆ తప్పుకు ఒక ముఖం ఉండేది. ఆ ముఖం మీదికి పోయి అడగవచ్చు, పదిమందిలో నిలదీయవచ్చు, పైవాడికి ఫిర్యాదు చేయవచ్చు. తెర మీద తప్పుకు ముఖం లేదు. “సిస్టములో అలా ఉంది” అంటారు. ఆ సిస్టము ఇల్లెక్కడో, దాని అయ్య ఎవరో ఎవరూ చెప్పరు.

మరి దీనికి మార్గం లేదా? ఉంది. దూరం పోనక్కరలేదు, మా ఊరికి సరిహద్దు దాటితే చాలు. మా మేనమామది కర్ణాటకలోని పావగడ తాలూకా. అక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఆ రాష్ట్రంలో 2000 సంవత్సరం ప్రాంతంలో ‘భూమి’ అనే పథకం వచ్చింది. 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటరులోకి ఎక్కించి, 15 రూపాయలకు నకలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అందులో నాకు నచ్చింది ఆ రెండు కోట్ల లెక్క కాదు. తాలూకా ఆఫీసులోని కేంద్రంలో రెండు తెరలు పెట్టారు. ఒకటి గుమాస్తా వైపు, రెండోది రైతు వైపు. లోపల ఏం జరుగుతోందో రైతు కూడా చూడాలన్నమాట. పనిచేసే ఉద్యోగి కూడా వేలిముద్ర వేసి లోపలికి పోవాలి. ఏది ఎవరు మార్చారో తర్వాత తెలుస్తుంది. ఇంకొక తెరకు ఎంత ఖర్చవుతుంది? డబ్బు సంగతి కాదిది. రైతు కూడా చూడదగినవాడేనని ఎవరో ఒకరు అనుకున్నారు, అంతే. భూమి పథకంలో లోపాలు లేవని నేననను. కానీ ఆ రెండో తెర మాత్రం నేర్చుకోవలసిన పాఠం.

అదే రాష్ట్రం 2011లో ‘సకాల’ చట్టం కూడా చేసింది. ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ముందే చెప్పడం, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున గరిష్ఠంగా 500 రూపాయల దాకా అర్జీదారుకు పరిహారం ఇవ్వడం. ఇరవై రూపాయలకు ఏమొస్తుందని నవ్వవచ్చు. ఆ సొమ్ము విలువ ఎంతైనా, “ఆలస్యం మాదే” అని ప్రభుత్వం ఒప్పుకోవడం అందులో ఉంది. మా అమ్మ హార్లిక్సు సీసాకు కావలసింది ఆ ఒప్పుకోలే.

ఇక మన గడ్డ మీద జరిగిన ఇంకో ముచ్చట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా ఊళ్ళోనే ఇచ్చే పద్ధతి తెచ్చారు. దీని ఫలితం ఎలా ఉందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లోని 157 మండలాల్లో, ప్రయోగశాలలో మనం చేసే పద్ధతిలోనే, కొన్ని మండలాలకు ముందు ఇచ్చి, కొన్నింటికి తర్వాత ఇచ్చి పోల్చి చూశారు. 2016లో ప్రకటించిన వారి ఫలితాల ప్రకారం ఉపాధి హామీలో సొమ్ము కారిపోవడం 41 శాతం తగ్గింది. కూలీ త్వరగా చేతికొచ్చింది, డబ్బు తీసుకోవడానికి పట్టే సమయమూ తగ్గింది. నూటికి తొంభైమందికి పైగా పాత పద్ధతికంటే ఇదే మేలన్నారు.

ఆ విజయానికి కారణమేమిటి? యంత్రం ఒక్కటే కాదు. కార్డు లేనివాడికి డబ్బు ఆపలేదు. పాత దారి కూడా తెరిచే ఉంచారు. అందువల్ల రెండేళ్ళు గడిచినా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కార్డు ద్వారా జరిగాయి. పైకి చూస్తే ఇది వైఫల్యంలా కనిపిస్తుంది. కానీ ఆ తెరిచి ఉంచిన దారివల్లనే ఎవరి పొట్టా కొట్టకుండా దొంగతనం తగ్గింది.

దీని పక్కనే జార్ఖండ్ సంగతి పెట్టి చూడండి. అక్కడ 2016లో రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్ర పెట్టారు. వేలిముద్ర పడితేనే బియ్యం. ఆ ముగ్గురే అక్కడా పరిశోధన చేశారు. మొదటి దశలో దొంగతనం తగ్గిన జాడ కనిపించలేదు. కానీ అంతకుముందు ఆధార్ జతచేసుకోని కుటుంబాలకు అందే సరుకు సగటున 10 శాతం తగ్గింది, వారిలో కొందరికి అసలేమీ అందలేదు. అక్కడా ఇక్కడా యంత్రం దాదాపు ఒకటే, వేలు కూడా కూలివాడి వేలే. ఒకచోట యంత్రం ‘కాదు’ అన్నా పక్కదారి ఉంది. ఇంకోచోట యంత్రం ‘కాదు’ అంటే కాదు, అంతే. తేడా అక్కడుంది.

మన పక్క రాష్ట్రమూ, మన రాష్ట్రమూ ఈ పాఠాన్ని ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. తెలంగాణలో 2020 చట్టంతో ధరణి వచ్చింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకేపూటలో కావడం మెచ్చుకోవలసిందే. కానీ రికార్డులో తప్పు దొర్లితే కింది స్థాయిలో సరిచేసే అధికారం, అప్పీలు చేసుకునే దారి ఆ చట్టంలో మూసుకుపోయాయని రైతులు మొత్తుకున్నారు. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి పేరుతో కొత్త చట్టం అమలులోకి వచ్చి అప్పీలు దారి మళ్ళీ తెరిచింది. మన రాష్ట్రంలో భూ హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైటిలింగ్ యాక్టు, 2023 అక్టోబరులో అమలులోకి వచ్చి 2024లో రద్దయిపోయింది. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న తగువులోకి నేను పోను. సావనీరు దానికి వేదిక కాదు. ఒక్కటి మాత్రం గమనించాలి. రైతు కంప్యూటరును చూసి భయపడలేదు. తప్పు పడితే ఎవరి దగ్గరికి పోవాలో తెలియనందుకు భయపడ్డాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మా హాస్టల్లో ఈ మాట ఎత్తితే ఒక మిత్రుడు వెంటనే అన్నాడు: “ఒరేయ్, సరిచేసే అధికారం మళ్ళీ మనుషుల చేతికిస్తే లంచం మళ్ళీ మొదలవుతుంది. మనుషులు తింటున్నారనే గదా యంత్రం తెచ్చింది!” న్యాయమైన ప్రశ్నే. దీనికి నా జవాబు ఇది. లంచం పుట్టేది అధికారంలో కాదు, చీకట్లో. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు అన్నది ఎప్పటికీ చెరగకుండా నమోదవుతూ ఉంటే ఆ అధికారానికి వెలుతురు ఉన్నట్టే. ఆ పని కంప్యూటరుకంటే బాగా చేయగలిగింది ఇంకేదీ లేదు. అంటే యంత్రాన్ని మనిషి నోరు మూయించడానికి కాకుండా, మనిషి చేసిన పనికి సాక్ష్యంగా నిలబెట్టాలి. పైగా సరిచేసే దారి పూర్తిగా మూసేస్తే లంచం పోతుందా? పోదు. దళారి చేతికి పోతుంది. తెర చదవలేని రైతు పక్కన తెర చదివిపెట్టేవాడు ఒకడు తయారవుతాడు. నెట్ సెంటర్ల ముందు ఆ దళారులను మనం చూడటం లేదా?

అందుచేత ఈ సందర్భంగా నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇవేమీ కొత్త యంత్రాలు అడిగేవి కావు.

మొదటిది. పూర్వం మన జిల్లాల్లో ఏటా జమాబందీ జరిగేది. అధికారులు కూర్చుని ఊరి లెక్కలన్నీ తనిఖీ చేసేవారు. కంప్యూటరు కాలానికీ ఒక జమాబందీ కావాలి. ఏడాదికోసారి ఊరి రికార్డు మొత్తాన్ని అచ్చువేసి, గ్రామసభలో సర్వే నంబరు వారీగా చదివి వినిపించాలి. “తప్పు” అని ఎవరైనా అంటే అక్కడే రాసుకోవాలి. శూన్యాంశ దోషం బయటపడేది రచ్చబండ దగ్గరే, రాజధానిలో కాదు.

రెండోది. తెర ‘లేదు’ అని చెప్పినప్పుడు ఎందుకు లేదో తెలుగులో, ఒక మామూలు వాక్యంలో చెప్పాలి. 22-ఎ అనే అంకె జవాబు కాదు. ఏ రికార్డును బట్టి, ఏ అధికారి ఉత్తర్వుతో, ఏ తేదీన ఆపారో అచ్చువేసి చేతికివ్వాలి.

మూడోది. ఒక ఆఫీసు తీర్పు ఇంకో ఆఫీసు తెరకు చేరడం ప్రభుత్వం పని, రైతు పని కాదు. కాగితం మోసే బాధ తప్పించడానికే గదా కంప్యూటరు తెచ్చుకున్నది? మరి రెండు కంప్యూటర్ల మధ్య మా నాయన ఎందుకు బస్సులో తిరగాలి?

నాలుగోది. తగువు తేలేదాకా పక్కదారి ఒకటి తెరిచే ఉంచాలి. భూమి అమ్మకం ఆపండి, తప్పులేదు. కానీ తరతరాలుగా దున్నేవాడికి పంట రుణం, పంట నష్టం సొమ్ము ఆపకూడదు. పొరపాటు ప్రభుత్వ రికార్డుదైనప్పుడు దాని వడ్డీ రైతు కట్టడం ఏ న్యాయం?

మిత్రులారా, ఈ సావనీరు చదివేవాళ్ళలో రేపు గ్రూపు పరీక్షలు రాసి తాసిల్దార్లయ్యేవాళ్ళున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూర్చుని ఇలాంటి పోర్టళ్ళు రాసేవాళ్ళూ ఉన్నారు. ఇప్పటికే ఆ కుర్చీల్లో కూర్చున్న పూర్వ విద్యార్థులూ ఉన్నారు. వారికి నా విన్నపం ఒక్కటే. ఒక గడిని ఖాళీగా ఉంచవచ్చా, చుక్క పెట్టవచ్చా అన్న నిర్ణయం మీకు పది నిమిషాల పని. దాని అవతల ఒక కుటుంబం రెండున్నరేళ్ళు తిరుగుతుంది. మీరు రాసే ప్రతి ‘కాదు’ పక్కన “అయితే ఎక్కడికి పోవాలి?” అన్న ప్రశ్నకు కూడా జవాబు రాయండి.

తక్కినవాళ్ళం చేయగలిగిందీ ఉంది. మన ఎన్.ఎస్.ఎస్ క్యాంపులో ఏటా రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. మంచిదే. ఈ ఏడు ఒక పని చేద్దాం. ఒక ఊరిని తీసుకుని, ఇంటింటికీ పోయి, ఫోనులో వాళ్ళ అడంగల్, 1-బి తీసి, వాళ్ళ పాసుపుస్తకం పక్కన పెట్టి చూద్దాం. పేరు సరిగ్గా ఉందా? విస్తీర్ణం సరిపోయిందా? నిషేధిత జాబితాలో ఏమైనా ఉందా? తేడా ఉంటే అర్జీ రాసిపెడదాం. పని పడినప్పుడు బ్యాంకు దగ్గర తెలియడం కంటే ముందే ఇంటి దగ్గర తెలియడం మేలు. కొలిచేముందు సున్నా చూసుకోవడమంటే ఇదే గదా! ప్రాక్టికల్ రికార్డులో దీనికి మార్కులు పడకపోవచ్చు. పడకపోయినా పరవాలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా చేను అడంగల్ ఫోనులో తీసి నాయనకు చూపించాను. పట్టాదారు పేరు గడిలో మా తాత పేరు ఉంది. నాయన ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. “ఇది రేపు కూడా ఇట్లే ఉంటాదా?” అని అడిగాడు.

సైన్సు చదివే కొడుకును. అయినా నేను గట్టిగా “ఉంటుంది నాయనా” అని చెప్పలేకపోయాను. అలా చెప్పగలిగిన రోజే పరిపాలనలోకి కంప్యూటరు నిజంగా వచ్చినట్టు.